గీత కదలడానికి పావు సెకను

చిప్ డిజైన్ చేసేవాళ్లలో చాలామందికి తమ డిజైన్ తమ కంప్యూటర్‌లో ఉండదు. చిప్ తయారుచేసే ఫౌండ్రీ ఇచ్చే పీడీకే (ప్రాసెస్ డిజైన్ కిట్) ఫైళ్లు గోప్యతా ఒప్పందం కింద వస్తాయి. వాటిని లాప్‌టాప్‌లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లడానికి వీల్లేదు. అందుకని సాఫ్ట్‌వేరూ డేటా రెండూ ఎక్కడో ఒక లినక్స్ సర్వర్‌లో ఉంటాయి, మనిషి ముందుకు దాని తెర మాత్రమే వస్తుంది. వీఎన్‌సీ, నోమెషీన్, ఎక్స్‌టూగో, డీసీవీ, పేరేదైనా ఏర్పాటు ఇదే. ఆ తెర నిదానంగా కదిలితే ఏం చేయాలన్న దాని మీద సర్వర్లు చూసేవాళ్లు ఒకటంటారు, మౌస్ పట్టుకున్నవాళ్లు ఇంకొకటంటారు.

ఆ రెండు పక్షాల వాదాన్నీ ఇద్దరి నోట పెడుతున్నాను. ఒకరు విజయవాడలో ఇంటి నుంచి పనిచేసే సీనియర్ లేఅవుట్ ఇంజనీర్, వర్చువోసో అనే లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో అనలాగ్ బ్లాకులు గీస్తారు. రెండోవాడు హైదరాబాద్ ఆఫీసులో సర్వర్లు చూసే కుర్రాడు. ఇద్దరూ వాడే సర్వర్ కాలిఫోర్నియాలో ఉంది. అతను ఆమెను అక్కా అంటాడు, ఆమె అతన్ని తమ్ముడూ అంటుంది.

తమ్ముడు: అక్కా, మీ టికెట్ చూశాను. ‘వర్చువోసో చాలా స్లో’ అని ఒక్క ముక్క రాశారు. లింక్ గ్రాఫ్ తీశాను. మీ ఇంటికి 100 ఎంబీపీఎస్ లైనుంది, మీ సెషన్ అందులో పదో వంతు కూడా వాడట్లేదు. సర్వర్‌లో మెమరీ ఉంది, సీపీయూ ఖాళీగా ఉంది. మా వైపు లోపమేమీ కనబడలేదు. మీ నెట్ వాళ్లని అడిగి ప్లాన్ పెంచుకుని చూడండి.

అక్క: పదో వంతు కూడా వాడని లైన్‌ని రెట్టింపు చేసుకుంటే నాకేం ఒరుగుతుంది తమ్ముడూ? లైన్ ఖాళీగా ఉందని నువ్వే అంటున్నావు. ఖాళీ లైన్ మీదే నా చేయి ఆగిపోతోందంటే కొరత ఎంబీపీఎస్‌లో లేదన్నమాటే కదా.

తమ్ముడు: అసలు ఏం జరుగుతోంది?

అక్క: అది ముందు అడగాల్సింది. ఒక మెటల్ అంచుని స్ట్రెచ్ చేస్తాను. మౌస్ వెంట రావాల్సిన గీత ఉన్నచోటే ఉండిపోయి, కాసేపటికి ఒక్కసారి దూకుతుంది. సరిగ్గా వచ్చిందనుకుని క్లిక్ చేసేసరికి నాలుగైదు గ్రిడ్లు దాటిపోయి ఉంటుంది. మన గ్రిడ్ 5 నానోమీటర్లు. అండూ కొట్టి మళ్లీ మొదలుపెట్టాలి. సాయంత్రానికి నేను గీసినదానికంటే అండూ కొట్టింది ఎక్కువవుతోంది.

తమ్ముడు: అదే లైన్ మీద 4కే సినిమా ఆగకుండా ఆడుతుంది కదక్కా?

అక్క: సినిమా ముందుగానే తెచ్చి దాచుకుని ఆడిస్తుంది. నా చేయి ఎటు పోతుందో దానికి ముందే ఎలా తెలుస్తుంది? ప్రతి కదలికా అక్కడికి వెళ్లాలి, అక్కడ బొమ్మ మారాలి, మారిన బొమ్మ నా దగ్గరికి రావాలి. ఇక్కడి నుంచి సర్వర్ ఉన్న శాన్ హోసేకి భూగోళం మీద అడ్డదారిన కొలిచినా సుమారు 13,500 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు రమారమి 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోనూ రానూ 27,000 అనుకో, తిన్నగా కేబుల్ వేసినా 135 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్రం కింద కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో రౌటర్లు, వీపీఎన్ గేట్‌వే. నేను పింగ్ కొడితే 250 చూపిస్తోంది. నువ్వు 100 ఎంబీని 1,000 చేసినా ఆ 250లో ఒక్క మిల్లీసెకను తగ్గదు.

ఇక్కడ నేను కల్పించుకోక తప్పదు, ఎందుకంటే ఈ 250 అన్న అంకెను చాలా ఆఫీసుల్లో చిన్న అసౌకర్యంగా కొట్టిపారేస్తారు. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ మిల్లర్ 1968లోనే, మనిషి చేసినదానికి తెర స్పందన సెకనులో పదో వంతులోపు వస్తేనే వెంటనే జరిగినట్టు అనిపిస్తుందని రాశారు. 1993లో స్కాట్ మెకెంజీ, కాలిన్ వేర్ అనే పరిశోధకులు మౌస్ కదలికకూ తెరకూ మధ్య కావాలని ఆలస్యం పెట్టి మనుషుల చేత గురి పట్టించే పని చేయించారు. ఆలస్యం 225 మిల్లీసెకన్లకు చేరినప్పుడు పనికి పట్టే సమయం 64 శాతం, తప్పులు 214 శాతం పెరిగాయి. అక్క చెప్పిన 250 దీని పక్కనే ఉంది. అంటే ఆమె కొడుతున్న అండూలకు కారణం చేతి నైపుణ్యం తగ్గడమో ఓపిక లేకపోవడమో కాదు. అంత ఆలస్యంలో ఎవరి చేయైనా గురి తప్పుతుంది. దీన్ని పని పరిస్థితిగా చూడాలి. సరైన వెలుతురు లేని గదిలో బొమ్మ గీయమన్నప్పుడు గీసేవారి కళ్లను తప్పుపట్టం కదా.

తమ్ముడు: సరే అక్కా, దూరాన్ని నేను తగ్గించలేను. కానీ ఒకటి చెప్పండి. అదే సర్వర్ మీద ఇక్కడి కుర్రాళ్లు కొందరు బాగానే పనిచేసుకుంటున్నారు. వాళ్లకీ పింగ్ 230, 240 ఉంది. అంతా దూరమే అయితే వాళ్లూ గోల పెట్టాలిగా. మీరు ఎలా కనెక్ట్ అవుతున్నారు?

అక్క: లేఅవుట్‌కి వీఎన్‌సీ. వేవ్‌ఫారాలు చూడటానికి మాత్రం ఎస్‌ఎస్‌హెచ్ మైనస్ ఎక్స్ పెట్టి ఆ విండో ఒక్కటీ నేరుగా లాప్‌టాప్ మీదికి తెచ్చుకుంటాను. రెండో మానిటర్‌లో విడిగా ఉంటుందని.

తమ్ముడు: అదిగో, అది మానేయండి. ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో మొదలైంది, ఎక్స్11 అన్నది 1987 నాటిది. ఒకే క్యాంపస్‌లో, ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రాల కోసం పుట్టింది. ఇక్కడ గీత గియ్యి, ఇక్కడ రంగు నింపు అని ఆదేశాలు పంపుతుంది. ఆదేశాల వరకూ బాగానే ఉంటుంది, వాటిని వరసగా తోసేయొచ్చు. మధ్యలో ప్రశ్నలుంటాయి. ఈ విండో ఎంత పెద్దది, మౌస్ ఇప్పుడెక్కడుంది, ఈ పేరుకు నంబరెంత? జవాబు వచ్చేదాకా ప్రోగ్రామ్ అక్కడే నిలబడిపోతుంది. ఒక డైలాగ్ బాక్స్ తెరవడానికి అలాంటి ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి 40 పడ్డాయనుకోండి, 250 చొప్పున 10 సెకన్లు. కంప్రెషన్ పెట్టినా లాభం లేదు, ఎందుకంటే ఒక్కో ప్రశ్నా కొన్ని బైట్లే. ఉత్తరం పొట్టిగా రాసినంత మాత్రాన పోస్టు తొందరగా రాదుగా.

అక్క: వేవ్‌ఫారం విండోలో మెనూ నొక్కి నేను కాఫీ కలుపుకొచ్చేదాన్ని. ఆ పది సెకన్ల లెక్క నాకిప్పుడు తెలిసింది. అదీ వీఎన్‌సీలోకే తెచ్చేస్తాను. లేఅవుట్ సంగతి చెప్పు.

తమ్ముడు: వీఎన్‌సీలో ఆ ప్రశ్నలూ జవాబులూ అన్నీ సర్వర్ లోపలే అయిపోతాయి. బయటికి పిక్సెళ్లు మాత్రమే వస్తాయి. అయితే అందులోనూ ఒక పాత కిటుకుంది. కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి ప్రయోగశాలలో దాన్ని తయారు చేసినప్పుడు, వ్యూయర్ అడిగితేనే సర్వర్ కొత్త బొమ్మ ఇచ్చేట్టు రాశారు. బలహీనమైన యంత్రం మీద కూడా మునిగిపోకుండా నడవాలని. మంచి ఆలోచనే. కానీ అడగడం, ఇవ్వడం, మళ్లీ అడగడం అనే పద్ధతిలో పోనూ రానూ 250 పడితే సెకనుకు నాలుగు బొమ్మలకు మించి రావు. టైగర్‌వీఎన్‌సీ, టర్బోవీఎన్‌సీ లాంటివాటిలో అడగకుండానే పంపుతూ ఉండే పద్ధతి ఉంది. రెండు వైపులా అది ఉండాలి. మీ లాప్‌టాప్‌లో ఏ వ్యూయర్ ఉంది?

అక్క: ఎప్పుడో వేసిన పాతది. పేరు కూడా చూడలేదు.

తమ్ముడు: మార్చండి. బాగానే పనిచేసేవాళ్లకీ మీకూ ఉన్న తేడాలో సగం అక్కడే దొరుకుతుంది.

అక్క: మారుస్తాను. మార్చాక కూడా మొత్తం చిప్ తెరిచి, అన్ని లెవెళ్లూ కనబడేలా షిఫ్ట్ ఎఫ్ కొడితే బొమ్మ పొరపొరలుగా, ముక్కముక్కలుగా దిగుతుంది. ఆ ముక్కల్ని నువ్వు వ్యూయర్ మీద వేయలేవు. సీపీయూ ఖాళీగా ఉందన్నావు. ఏ అంకె చూసి అన్నావు?

తమ్ముడు: మానిటరింగ్ పేజీలో ఉంది. ఆ సర్వర్‌కి 64 కోర్లు. సగటు వాడకం 30 శాతం లోపే.

అక్క: 64 కోర్ల సగటులో ఒక కోర్ పూర్తిగా నిండిపోతే ఎంత కనబడుతుంది?

తమ్ముడు: ఒకటిన్నర శాతం.

అక్క: నా బొమ్మను గీసే ప్రాసెస్, దాన్ని ప్యాక్ చేసి పంపే ఎక్స్‌వీఎన్‌సీ ప్రాసెస్, రెండూ ముఖ్యంగా ఒక్కో కోర్ మీదే నడుస్తాయి. మిగతా కోర్లన్నీ ఖాళీగా ఉన్నా నాకు పనికిరావు. నా కోర్ నూటికి నూరు కొట్టుకుంటున్నప్పుడు నీ గ్రాఫ్‌లో ఒకటిన్నర శాతం కదులుతుంది, నువ్వు ‘సర్వర్ ఖాళీ’ అని టికెట్ మూసేస్తావు.

తమ్ముడు కాసేపు ఏమీ అనలేదు. నా దృష్టిలో ఈ వాదమంతటికీ కీలకం ఇదే. సగటు అంకె అబద్ధమేమీ కాదు, అయినా దాని కింద ఒక మనిషి రోజంతా ఆగిపోయి కూర్చుని ఉండొచ్చు.

తమ్ముడు: అయితే కలిసి చూద్దాం. మీరు షిఫ్ట్ ఎఫ్ కొట్టండి, నేను ఇటు నుంచి టాప్ కమాండ్ పెట్టి మీ ప్రాసెస్‌లు మాత్రమే చూస్తాను. బొమ్మ దిగుతున్నంతసేపూ వర్చువోసో 100 శాతంలో ఉంటే గీయడమే బరువు. వర్చువోసో చల్లబడి, ఎక్స్‌వీఎన్‌సీ 100లో ఉంటే ప్యాక్ చేయడం బరువు. రెండూ చల్లగా ఉండి మీ తెర మాత్రం నిండకపోతే అప్పుడు లైన్.

అక్క: నాలుగోది మరిచావు. రెండూ చల్లగా ఉండి, టాప్‌లో వర్చువోసో పక్కన డీ అక్షరం కనబడితే?

తమ్ముడు: డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. అంటే నెట్‌వర్క్ స్టోరేజీ, ఎన్‌ఎఫ్‌ఎస్. సెల్ తెరిచేటప్పుడు లైబ్రరీ ఫైళ్లు స్టోరేజీ నుంచి వస్తూ ఉంటాయి. దాన్ని గ్రాఫిక్స్ స్లో అనుకుంటారు చాలామంది. లైసెన్స్ కూడా అంతే. లైసెన్స్ ఫైలు దారిలో ఎప్పుడో తీసేసిన సర్వర్ పేరు మిగిలిపోతే, టూల్ ముందు దాన్ని తట్టి, జవాబు రాక, తర్వాతి దానికి పోతుంది. కొత్త విండో తెరిచినప్పుడల్లా బిగుసుకుపోయినట్టుంటుంది.

అక్క: అందుకే మొదటిసారి తెరిచినప్పుడు పట్టిన సమయం లెక్కలోకి తీసుకోకు. అదే సెల్‌ని రెండోసారి రీడ్రా కొట్టినప్పుడు చూడు. అప్పటికి డేటా మెమరీలో ఉంటుంది, మిగిలేది గీయడమే. ఇంకో పరీక్ష. ఆ సర్వర్ ఉన్న ఊళ్లోనే కూర్చున్న మన కంపెనీ మనిషి చేత అదే సెల్, అదే తెర సైజుతో రీడ్రా కొట్టించు. ఆయనకూ అంతే సేపు పడితే నా సముద్రానికి దాంతో సంబంధం లేదు.

వాళ్లు ఆ పరీక్ష చేశారనుకుందాం. నాకు తెలిసినంతలో ఇలాంటి పరీక్షలో ఒకే జవాబు రావడం అరుదు. మొత్తం చిప్ రీడ్రాలో వర్చువోసో నిండిపోయి ఉంటుంది, బొమ్మను పక్కకు జరుపుతున్నప్పుడు ఎక్స్‌వీఎన్‌సీ నిండుతుంది, స్ట్రెచ్ చేస్తున్నప్పుడు రెండూ తీరిగ్గా ఉండి దూరమే కనబడుతుంది. ఒకే మనిషి, ఒకే గంటలో, మూడు వేర్వేరు ఆలస్యాలకు ‘స్లో’ అన్న ఒకే మాట వాడుతుంది. ఒక మందు వేసి తగ్గలేదని రెండు పక్షాలూ తగువు పడటం అందుకే.

తమ్ముడు: గీయడం బరువు అని తేలింది కాబట్టి నా ప్రతిపాదన ఇది. సర్వర్‌లో ఒక జీపీయూ పెట్టిద్దాం. వర్చువల్‌జీఎల్ వేసి దాని మీదుగా నడిపిద్దాం. బడ్జెట్ అడుగుతాను.

అక్క: అడిగే ముందు ఒకటి చూడు. జీపీయూ పనికొచ్చేది ఓపెన్‌జీఎల్‌తో గీసేవాటికి. మనం వాడే వెర్షన్‌లో లేఅవుట్ విండో మామూలు ఎక్స్11 టూడీ గీతలతో గీస్తోంది. చతురస్రాలు, వాటిలో చుక్కలూ చారలూ. ఆ దారిలో నీ జీపీయూ ఊరికే కూర్చుంటుంది. త్రీడీ ప్యాకేజ్ వ్యూయర్లు, విద్యుదయస్కాంత సిమ్యులేషన్ బొమ్మలు చూసే టీమ్‌కైతే తప్పకుండా కొను, వాళ్లకి అవసరం.

తమ్ముడు: జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో కొడితే రెండరర్ ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని వస్తోందక్కా. అంటే ఓపెన్‌జీఎల్ అంతా సీపీయూ మీదే నడుస్తోంది. అది మంచిది కాదుగా?

అక్క: మంచిది కాదు, నిజమే. ఎవరు వాడుతున్నారో చూడు. ఆ సెషన్‌లో ఓపెన్‌జీఎల్ వాడేది మీరు పెట్టిన గ్నోమ్ డెస్క్‌టాప్. విండో తేలుతూ రావడానికి, నీడలు వేయడానికి సీపీయూ కాలుస్తోంది. దాన్ని తీసేసి ఎక్స్‌ఎఫ్‌సీఈయో మాటేయో పెట్టు, కాంపోజిటింగ్ ఆపేయి. రూపాయి ఖర్చు లేదు.

తమ్ముడు: అది ఈ రోజే చేయొచ్చు.

అక్క: ఎవరైనా సొంతంగా చూసుకోవాలంటే మ్యాజిక్‌తో చూడొచ్చు. బర్క్లీలో పుట్టిన ఆ పాత లేఅవుట్ ఎడిటర్‌ని ఇప్పుడు స్కైవాటర్ 130 ఓపెన్ పీడీకేతో మన కాలేజీ పిల్లలు చాలామంది వాడుతున్నారు. దాన్ని మొదలుపెట్టేటప్పుడే బొమ్మ ఓపెన్‌జీఎల్‌తో గీయాలా, కైరోతో గీయాలా, వట్టి ఎక్స్11తో గీయాలా అని ఎంచుకోవచ్చు. జీపీయూ లేని సర్వర్ మీద ఒకే డిజైన్‌ని మూడు రకాలుగా తెరిచి చూస్తే, ఏది ఎక్కడ ఆగుతుందో కళ్లతో తెలుస్తుంది.

వాదం ఇక్కడ తమ్ముడి వైపు తిరుగుతుంది. అతని దగ్గర కూడా బలమైన మాటలున్నాయి.

తమ్ముడు: ప్యాక్ చేయడం బరువు అన్న సంగతికొద్దాం. మీరు 4కే మానిటర్ నిండా విండో పరుస్తున్నారు. 1920 బై 1080 తెరకు ఒక పూర్తి బొమ్మ, పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 8.3 మెగాబైట్లు. 4కే అయితే 33. ప్రతి జరుపుకీ ఎక్స్‌వీఎన్‌సీ ఆ 33ని నమిలి పంపాలి. పైగా లేఅవుట్ బొమ్మ మామూలు బొమ్మ కాదు. ఒక్కో లేయర్‌కి ఒక్కో చుక్కల నమూనా, ఒకదాని మీద ఇంకొకటి. చదునైన రంగైతే కుదించడం తేలిక. ఇలా పక్కపక్క పిక్సెళ్లు మారిపోతుంటే కుదింపుకి లొంగదు. అందుకే జేపెగ్ క్వాలిటీ తగ్గించమంటున్నాను.

అక్క: అది మాత్రం కుదరదు తమ్ముడూ. జేపెగ్‌లో మామూలుగా వెలుతురుని పూర్తిగా ఉంచి, రంగుని నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పున కలిపేస్తారు. ముఖాలకీ చెట్లకీ తేడా తెలియదు. నాకు ఆకుపచ్చ డిఫ్యూజన్ మీద ఎర్రటి పాలీ గీత ఒక్క పిక్సెల్ వెడల్పుంటుంది. రంగులు కలిస్తే అది ఏ లేయరో చెప్పలేను. పక్కపక్కన ఉన్న రెండు మెటళ్లు అంటుకున్నాయో, మధ్యలో సందుందో చూసే పని నాది. మసకబారిన తెర మీద ఆ పని చేయమనడం నేనొప్పుకోను.

తమ్ముడు: అయితే మధ్యేమార్గం. రంగుల్ని కలపకుండా ఉంచే సెట్టింగ్ ఉంది, 4:4:4 అంటారు. దానితో పాటు టర్బోవీఎన్‌సీలో, తెర కదులుతున్నంతసేపూ జేపెగ్ పంపి, ఆగగానే నష్టం లేని పూర్తి బొమ్మ మళ్లీ పంపే ఏర్పాటుంది. జరుపుతున్నప్పుడు ఎలాగూ మీరు సందు కొలవరు. ఆగాకే కొలుస్తారు.

అక్క: అది నాకు సమ్మతమే. ఆగిన తెర అబద్ధం చెప్పకూడదు, అంతే నా పట్టు.

తమ్ముడు: ఇప్పుడు మీ వంతు అక్కా. షిఫ్ట్ ఎఫ్ అంటే అన్ని లెవెళ్లూ చూపించు అని. మొత్తం చిప్ మీద అది కొడితే కోట్ల షేపులు గీయమని అడుగుతున్నారు. 1080 తెరలో ఉన్నవే 20 లక్షల పిక్సెళ్లు. ఒక పిక్సెల్‌లో పది వియాలు పడితే మీకు కనబడేది ఏముంటుంది? డిస్‌ప్లే ఆప్షన్లలో ఫిల్టర్ సైజ్ ఉంటుంది, ఇన్ని పిక్సెళ్లకన్నా చిన్నది గీయొద్దని. దాన్ని పెంచండి. స్టాప్ లెవెల్ తగ్గించండి. అక్కర్లేని లేయర్లు ఆపేయండి. డైనమిక్ హైలైట్ తీసేయండి, మౌస్ కదిలిన ప్రతిచోటా ఒక అంచు వెలిగించి ఆర్పుతుంది, ఆ ప్రతి వెలుగూ సముద్రం దాటి రావాలి. గ్రావిటీ కూడా అవసరమైనప్పుడే, జీ నొక్కితే ఆగుతుంది.

అక్క: సర్వర్ నెమ్మదైతే నన్ను కళ్లు సగం మూసుకుని పనిచేయమంటున్నావు.

తమ్ముడు: లేదక్కా. తెర చూపించలేనిదాన్ని గీయొద్దంటున్నాను. మీరు దగ్గరికి జూమ్ చేయగానే అదంతా మళ్లీ వస్తుంది. కనబడనిదాన్ని గీయించి దాని కోసం ఎదురుచూడటం వల్ల మీ పనికి ఏం మేలు?

అక్క: గ్రావిటీ ఆపను. అంచుకి అంచు పట్టుకోవడానికి అదే నా చేయి. మిగతావి సరే. అయితే ఒక షరతు. వీటిని ప్రతి ఇంజనీరూ ఎవరినో అడిగి, మెనూలు వెతికి పెట్టుకునేట్టు వదిలేయకు. మన టీమ్ స్టార్టప్ ఫైల్లో పెట్టు. కొత్తగా చేరిన పిల్ల మొదటి రోజే సరైన ఫిల్టర్ సైజుతో, తేలిక డెస్క్‌టాప్‌తో, కొత్త వ్యూయర్‌తో మొదలుపెట్టాలి. చాన్నాళ్లుగా ఉన్నవాళ్లకు తెలిసి, కొత్తవాళ్లకు తెలియని చిట్కాల మీద టీమ్ నడవకూడదు.

ఈ మాట దగ్గర నేను పూర్తిగా అక్క పక్షం. సర్దుబాట్ల విషయంలో తమ్ముడు చెప్పింది అక్షరాలా సరైనదే. అయినా, సరైన సర్దుబాటు ఒకరికి తెలిసి పదిమందికి తెలియకపోతే ఆ పదిమందీ తమ టూల్ ఇంతేననుకుని అలవాటు పడిపోతారు. ఫిర్యాదు కూడా చేయరు. 2022లో మొదలైన చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమం కింద దేశమంతటా కాలేజీల పిల్లలు ఈ ఖరీదైన టూల్స్ మొదటిసారి ముట్టుకుంటున్నారు. ల్యాబ్ సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ మైనస్ ఎక్స్ పెట్టి హాస్టల్ వైఫై మీంచి లేఅవుట్ నేర్చుకునే పిల్లవాడికి, తాను నిదానమా, తెర నిదానమా అన్నది చెప్పేవాళ్లుండాలి.

అక్క: వైఫై అంటే గుర్తొచ్చింది. నా పింగ్ సగటు 250 కానీ అప్పుడప్పుడూ 400కి ఎగురుతోంది.

తమ్ముడు: మొదట రౌటర్‌కే పింగ్ కొట్టండి, కాలిఫోర్నియాకి కాదు. ఇంట్లో ఉన్న రౌటర్ నుంచే 2 మిల్లీసెకన్లు రావాల్సింది 100 వస్తుంటే వైఫైదే ఆ ఎగుడుదిగుడు. లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టండి. అది తేలాక ఎంటీఆర్ కొట్టి దారి చూద్దాం. వీపీఎన్ మిమ్మల్ని అక్కర్లేకుండా ఇంకో దేశం గేట్‌వే మీదుగా తిప్పుతోందేమో. వీపీఎన్ యూడీపీ వదిలేసి టీసీపీ మీద నడుస్తుంటే అదీ మార్చాలి. ఒక ప్యాకెట్ పోతే లోపలి టీసీపీ, బయటి టీసీపీ రెండూ మళ్లీ పంపడానికి పోటీపడి తెర గడ్డకట్టుకుపోతుంది.

అక్క: ఇవన్నీ చేశాం అనుకో. వ్యూయర్ కొత్తది, డెస్క్‌టాప్ తేలిక, ఫిల్టర్లు పెట్టాం, కేబుల్ పెట్టాం. స్ట్రెచ్ చేసేటప్పుడు గీత ఎంత సేపటికి కదులుతుంది?

తమ్ముడు: 230, 240.

అక్క: అంటే నా మొదటి ఫిర్యాదు అక్కడే ఉంది. సర్వర్‌ని హైదరాబాద్ తీసుకురా. విజయవాడ నుంచి 250 కిలోమీటర్లు. పింగ్ 20 దాటదు.

తమ్ముడు: సరే, వర్చువోసో నడిచే సర్వర్‌ని హైదరాబాద్‌లో పెట్టి, డేటా మాత్రం కాలిఫోర్నియా స్టోరేజీ నుంచే చదివిద్దామా?

అక్క: అలా మాత్రం చేయకు, ఇప్పటికంటే నాశనం. సెల్ తెరిస్తే లైబ్రరీలో వందల ఫైళ్లు ఉన్నాయా లేవా, లాక్ ఉందా లేదా అని అడుగుతుంది. ఒక్కోదానికీ పావు సెకను పడితే తెరవడానికే నిమిషాలు. టూల్‌కీ డేటాకీ మధ్య సముద్రం ఉండకూడదు. ఉంటే తెరకీ మనిషికీ మధ్యే ఉండాలి, అదీ తప్పనప్పుడే. డేటా, టూల్, సర్వర్ మూడూ కలిపి తేవాలి.

తమ్ముడు: కలిపి తేవాలంటే పీడీకే ఒప్పందంలో ఈ సైట్ పేరుండాలి, ఫౌండ్రీ ఒప్పుకోవాలి. వెర్షన్ కంట్రోల్‌కి ఇక్కడ కాష్ పెట్టాలి, రెండు చోట్ల ఒకే సెల్ ఇద్దరు తెరవకుండా లాకులు చూసుకోవాలి. బ్యాకప్ రెండింతలు. ఒక్కరి చేయి ఆగుతోందని పైవాళ్లు ఇంత ఒప్పుకోరక్కా.

అక్క: ఒక్కరిది కాదు. లేఅవుట్ టీమ్ అంతా ఇటే ఉంది. ఒక్క పని చెయ్యి. ఇక్కడి సర్వర్ మీద గోప్యమైన పీడీకే లేని ఉత్తుత్తి డిజైన్ ఒకటి పెట్టు, ఓపెన్ పీడీకేతో గీసినదైనా సరే. మా టీమ్‌లో నలుగురి చేత అదే బ్లాక్‌ని ఒకసారి అక్కడా ఒకసారి ఇక్కడా గీయించు. పట్టిన సమయం, కొట్టిన అండూలు రాసుకో.

తమ్ముడు: నలుగురూ ఒకే వరుసలో చేయకూడదు. రెండోసారి ఎవరికైనా చేయి తిరుగుతుంది. ఇద్దరు అక్కడ మొదలుపెట్టాలి, ఇద్దరు ఇక్కడ.

అక్క: అలాగే. ఇంకా, దూరం సర్వర్‌కి కూడా కొత్త సెట్టింగులన్నీ పెట్టాకే కొలువు. లేకపోతే పాత వ్యూయర్ చేసిన ఆలస్యం కూడా దూరం ఖాతాలో పడిందని పైవాళ్లు పట్టుకుంటారు.

తమ్ముడు: పెడతాను. ఆ జీపీయూ బడ్జెట్ మాత్రం అడిగే ఉంచుతానక్కా.

అక్క: త్రీడీ టీమ్ పేరు మీద అడుగు. నా టికెట్ నంబర్ అందులో రాయకు.